దయ్యాల రాత్రి: భయపడవలసింది దేనికి?

అక్టోబరు 31వ తేదీ సాయంత్రం అమెరికాలో ఏ ఊరి వీధిలో నిలబడి చూసినా ఒక వింత దృశ్యం కనిపిస్తుంది. గుమ్మాల ముందు గుమ్మడికాయలు ఉంటాయి. వాటికి కళ్ళు, ముక్కు, పళ్ళు చెక్కి లోపల దీపం పెడతారు. పొద్దు వాలగానే చిన్న చిన్న దయ్యాలు, మంత్రగత్తెలు, అస్థిపంజరాలు గుంపులు గుంపులుగా బయలుదేరుతాయి. అవన్నీ వేషాలు వేసుకున్న పిల్లలే! ప్రతి ఇంటి తలుపూ తట్టి "ట్రిక్ ఆర్ ట్రీట్!" అని అరుస్తారు. "మిఠాయి పెడతారా, అల్లరి చేయమంటారా?" అని దాని భావం. ఇంటివారు నవ్వుతూ వారి సంచుల్లో చాక్లెట్లు వేస్తారు. పూర్వం మన ఊళ్ళలో దసరా రోజుల్లో బడిపిల్లలు పంతులుగారి వెంట ఇల్లిల్లూ తిరిగి పప్పుబెల్లాలు అందుకున్నట్లే ఇదీను.

ఈ పండుగ పేరు హాలోవీన్. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి పిల్లలు కూడా దీనిలో పాల్గొంటారు. 2024లో దీపావళి, హాలోవీన్ ఒకే రోజున వచ్చాయి. ఆ సాయంత్రం అక్కడి తెలుగు ఇళ్ళలో ఒక పక్క ప్రమిదలు, మరో పక్క గుమ్మడికాయ దీపాలు వెలిగాయి.

దయ్యాలు లేవని మీకు తెలుసు. కాని ఆ రాత్రి నిజమైన ప్రమాదాలు లేకపోలేదు. వింత ఏమిటంటే, జనం ఎక్కువగా భయపడేది ఒకదానికి, పిల్లలకు నిజంగా ముప్పు తెచ్చేది మరొకటి. ఏది భయం, ఏది ప్రమాదం అని వేరుచేసి చూడటమే సైన్సు మనకు నేర్పే గొప్ప విద్య. ఆ పని ఇప్పుడు మనం చేద్దాం.

పండుగ పుట్టుక

ఐర్లండు, స్కాట్లండు ప్రాంతాల్లో ప్రాచీన కాలంలో కెల్టు జాతులవారు నివసించేవారు. పంటలు ఇంటికి చేరి చలికాలం మొదలయ్యే సమయంలో వారు ఒక పండుగ చేసుకునేవారు. ఆ రాత్రి చనిపోయినవారి ఆత్మలు తిరుగుతాయని వారి నమ్మకం. తరువాత క్రైస్తవులకు నవంబరు 1వ తేదీ పునీతులందరి పండుగ అయింది. దానికి ముందు రాత్రి కనుక దీనికి హాలోవీన్ అనే పేరు వచ్చింది.

ఐర్లండులో టర్నిప్ దుంపలను తొలిచి దీపాలు పెట్టేవారు. 19వ శతాబ్దంలో అక్కడినుండి లక్షలాది జనం అమెరికాకు వలస వెళ్ళారు. అక్కడ వారికి టర్నిప్ కంటే పెద్దదీ, తొలవడానికి సులువైనదీ అయిన గుమ్మడికాయ దొరికింది. ఇంటింటికీ తిరిగి మిఠాయి అడిగే ఆచారం 1920, 1930 దశాబ్దాల్లో కెనడా, అమెరికాలలో వ్యాపించింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పంచదారకు రేషను పెట్టడంతో కొంత తగ్గింది. 1947లో ఆ రేషను ఎత్తివేశాక మళ్ళీ ఊపందుకుంది. 1950లో కొందరు పిల్లలు మిఠాయిలకు బదులు ఇతర దేశాల పిల్లల సహాయార్థం యూనిసెఫ్ సంస్థకు చిల్లర డబ్బులు పోగుచేశారు. ఆ మంచి అలవాటు కూడా ఈ పండుగలో భాగమైంది.

మిఠాయిలో విషమా?

హాలోవీన్ అనగానే అమెరికాలో తల్లిదండ్రులను పట్టి పీడించే భయం ఒకటుంది. ముక్కూ ముఖమూ తెలియనివాడెవడో మిఠాయిలో విషం కలుపుతాడనీ, ఆపిల్ పండులో బ్లేడు గుచ్చి ఇస్తాడనీ! ఏటా ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. ఇది ఎంతవరకు నిజం?

జోయెల్ బెస్ట్ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ ప్రశ్నను శ్రద్ధగా పట్టించుకున్నాడు. 1958 నుండి పత్రికల్లో వచ్చిన ఇలాంటి వార్తలను ఒక్కొక్కటిగా పరిశీలించి, 1985లో తన ఫలితాలను ప్రకటించాడు. ఆ తరువాత కూడా ఈ పరిశీలన కొనసాగించాడు. ఆయనకు తేలినదేమిటి? అపరిచితుడు దారిన పోయే పిల్లలకు పంచిన విషపు మిఠాయివల్ల ఒక పిల్లవాడు చనిపోయినట్లు రుజువైన సంఘటన ఒక్కటి కూడా లేదు! చాలా వార్తలు పిల్లలో, పెద్దలో సృష్టించిన బూటకాలు. 1974లో టెక్సస్ రాష్ట్రంలో ఒక బాలుడు సైనైడు కలిపిన మిఠాయి తిని మరణించిన మాట నిజమే. కాని ఆ నేరం చేసినవాడు అపరిచితుడు కాడు. బీమా సొమ్ముకు ఆశపడిన కన్నతండ్రేనని న్యాయస్థానంలో రుజువయింది. 1982లో షికాగో నగరంలో ఎవరో నొప్పి మాత్రల్లో సైనైడు కలపగా ఏడుగురు మరణించారు. దానికీ హాలోవీన్‌కూ సంబంధం లేదు. అయినా ఆ వార్త ఈ భయానికి ఆజ్యం పోసింది.

ఒక వార్త నూరుసార్లు వినబడినంత మాత్రాన అది నూరుసార్లు జరిగినట్లు కాదని దీనివల్ల తెలుస్తోంది. అలాగని విప్పివున్న పొట్లంలోని మిఠాయి తినవచ్చని అర్థం కాదు. శుభ్రతకోసమైనా దాన్ని పారవేయడమే మంచిది. కాని మన జాగ్రత్తనంతా అక్కడే ఖర్చుపెడితే అసలు ప్రమాదం వెనకనుంచి వస్తుంది. అది ఎక్కడుంది?

అసలు ప్రమాదం రోడ్డు మీద

1975 నుండి 2016 వరకు 42 ఏళ్ళలో అమెరికాలో వాహనాలు ఢీకొని మరణించిన పాదచారుల లెక్కలను కొందరు వైద్య పరిశోధకులు పరిశీలించారు. 42 హాలోవీన్ సాయంత్రాలలో సాయంత్రం 5 గంటలనుండి అర్ధరాత్రి వరకు 608 మంది మరణించారు. ఈ అంకె ఎక్కువా తక్కువా అని ఎలా తెలుస్తుంది? పోల్చి చూడటానికి మరొకటి కావాలి కదా! అందుకని హాలోవీన్‌కు సరిగ్గా వారం ముందు, వారం తరువాత వచ్చే సాయంత్రాలను తీసుకున్నారు. వారంలో అదే రోజు, దాదాపు అదే వాతావరణం. తేడా అల్లా పండుగ ఒక్కటే. అటువంటి 84 సాయంత్రాలలో 851 మంది మరణించారు.

ఇప్పుడు మీరే లెక్క వేయండి. 608ని 42తో భాగిస్తే సుమారు 14.5. 851ని 84తో భాగిస్తే సుమారు 10.1. అంటే మామూలు సాయంత్రం పది మంది మరణించే చోట హాలోవీన్ నాడు పద్నాలుగు మందికి పైగా మరణిస్తున్నారు. ఇది 43 శాతం ఎక్కువ. 4 నుండి 8 ఏళ్ళ పిల్లల విషయంలోనైతే ప్రమాదం పది రెట్లు ఎక్కువని తేలింది. సాయంత్రం 6 గంటల ప్రాంతంలో తేడా అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది.

ఆ వేళలో ఏముంది? పెద్దలు పని ముగించుకుని కార్లలో ఇళ్ళకు తిరిగి వచ్చే వేళ అదే, చీకటి పడే వేళా అదే, పిల్లలు వీధిన పడే వేళా అదే. మూడూ కలిశాయి.

"నాకు కారు కనబడుతోంది కదా!"

ఇక్కడే పిల్లలు పొరబడతారు. చీకట్లో వచ్చే కారు దీపాలు అర కిలోమీటరు దూరంనుండే మనకు కనిపిస్తాయి. "నాకు కారు కనబడుతోంది, కనుక నేనూ డ్రైవరుకు కనబడుతున్నాను" అనుకుంటాము. ఇది నిజం కాదు. కారు దీపంనుండి కాంతి నేరుగా మన కంటికి చేరుతుంది. మనం డ్రైవరుకు కనబడాలంటే ఆ కాంతి మన దుస్తులపై పడి, పరావర్తనం చెంది, మళ్ళీ అంత దూరం వెనక్కి వెళ్ళాలి. నల్లని బట్ట తనపై పడిన కాంతిలో చాలా భాగాన్ని పీల్చుకుంటుంది. తెల్లని బట్ట చాలా భాగాన్ని తిప్పి పంపుతుంది. మరి దయ్యాలకు, మంత్రగత్తెలకు ఇష్టమైన రంగు ఏది? నలుపే!

రాత్రివేళ మామూలు కారు దీపాల వెలుగులో నల్లని దుస్తులు సుమారు 17 మీటర్ల దూరంనుండి, తెల్లనివి సుమారు 55 మీటర్లనుండి, కాంతిని వెనక్కి పంపే ప్రత్యేకమైన పట్టీలు సుమారు 150 మీటర్లనుండి కనిపిస్తాయని రోడ్డు భద్రతా పాఠాలలో చెబుతారు.

ఈ దూరాలు చాలునా? గంటకు 50 కిలోమీటర్ల వేగంతో కారు వస్తోందనుకుందాం. అంటే సెకనుకు సుమారు 14 మీటర్లు. పిల్లవాణ్ణి చూసి, ప్రమాదమని గ్రహించి, బ్రేకుపై కాలు వేయడానికి డ్రైవరుకు ఒకటిన్నర సెకను పడుతుందనుకోండి. ఆలోగా కారు 21 మీటర్లు వచ్చేస్తుంది! బ్రేకు పడ్డాక కూడా జడత్వంవల్ల కారు వెంటనే ఆగదు. బ్రేకు పట్టు వేగాన్ని సెకనుకు 6 మీటర్ల చొప్పున తగ్గిస్తుందనుకుంటే, పూర్తిగా ఆగడానికి మరో 16 మీటర్లు కావాలి. మొత్తం 37 మీటర్లు.

నల్లని దుస్తుల పిల్లవాడు 17 మీటర్ల దూరంలో మాత్రమే కనబడతాడు. బ్రేకు మీద కాలు పడకముందే కారు అతణ్ణి చేరుతుంది. తెల్లని దుస్తులైతే ఎలాగో ఆగవచ్చు. వెలుగు పట్టీలైతే ఆగే దూరానికి నాలుగు రెట్ల దూరంనుండే కనబడతాడు. పావలా అంత వెడల్పున్న పట్టీ ముక్కలు ఒక ప్రాణం విలువ చేస్తాయి.

పిల్లికన్ను రహస్యం

ఆ పట్టీలో ఏమి మాయ ఉంది? అద్దంపై కాంతి ఏటవాలుగా పడితే రెండో వైపుకు పోతుందని పరావర్తన సూత్రాల్లో మీరు చదువుకున్నారు. అందుకే రోడ్డు పక్కన అద్దం పట్టుకు నిలబడినా డ్రైవరుకు ఉపయోగం లేదు. తెల్లని బట్ట కాంతిని అన్ని వైపులకూ వెదజల్లుతుంది. అందులో డ్రైవరు కంటికి చేరేది కొద్దిగానే. ఈ పట్టీలో మాత్రం ఇసుక రేణువులంతటి గాజు గోళాలు గాని, మూలల ఆకారంలో చెక్కిన చిన్న చిన్న పట్టకాలు గాని వరుసగా అతికించి ఉంటాయి. గాజు గోళంలోకి వచ్చిన కాంతి వక్రీభవనం చెంది, వెనుక గోడపై పరావర్తనం పొంది, తిరిగి వక్రీభవనం చెంది వచ్చిన దారినే వెనక్కి పోతుంది. కారు దీపంనుండి వచ్చిన కాంతి కారు వైపుకే వెళ్తుంది కనుక ఆ దీపం వెనుకే కూర్చున్న డ్రైవరుకు పట్టీ ధగధగా మెరుస్తుంది.

రాత్రివేళ పిల్లి కన్ను మెరవడం మీరు చూసే ఉంటారు. ఆ పోలికతోనే ఇంగ్లండుకు చెందిన పెర్సీ షా 1930 దశాబ్దంలో రోడ్డు మధ్య పాతే గాజు 'పిల్లికళ్ళ'ను రూపొందించాడు. మన రోడ్ల మీద సూచిక బోర్డులు రాత్రి మెరిసేదీ ఇదే సూత్రంవల్ల.

చేసి చూడండి: సైకిలు వెనుక ఉండే ఎర్రని రిఫ్లెక్టరును చీకటి గదిలో ఒక చివర పెట్టండి. అయిదారు మీటర్ల దూరంలో నిలబడి, టార్చిలైటును మీ చెంప పక్కనే పట్టుకుని దానిపై వెలుగు వేయండి. ఎంతగా మెరుస్తుందో చూడండి. ఇప్పుడు టార్చిని మీ స్నేహితునికిచ్చి, పక్కకు నాలుగడుగులు వేసి అక్కడినుండి వెలుగు వేయమనండి. మీకు రిఫ్లెక్టరు మసకబారుతుంది, స్నేహితునికి మాత్రం మెరుస్తుంది. కారణం మీరే చెప్పగలరు.

ముసుగు, మంట

ముఖానికి ముసుగు తగిలిస్తే మరో చిక్కు. మామూలుగా మనం ఎదురుగా చూస్తున్నా రెండు పక్కలా కదిలే వస్తువులను కంటి కొసలనుండి గుర్తుపడతాము. ముసుగుకున్న చిన్న రంధ్రాలు ఆ పక్కచూపును మూసేస్తాయి. పక్కనుండి వచ్చే బండి తెలియదు, కింద మెట్టూ కనబడదు. అందుకే ముసుగుకంటే ముఖానికి రంగులు వేసుకోవడం మేలని వైద్యులు చెబుతారు. ఆ రంగును కూడా ముందు రోజు ముంజేతిపై కొద్దిగా రాసి, దురద గాని దద్దురు గాని రాలేదని చూసుకోవాలి. వేషంకోసం రంగుల కాంటాక్టు కటకాలను వైద్యుని సలహా లేకుండా కళ్ళకు పెట్టుకోరాదు. సరిపడని కటకం కంటి నల్లగుడ్డుపై ఉండే పారదర్శక పొరను గీరుతుంది. అక్కడ క్రిములు చేరితే చూపుకే మోసం.

ఇక గుమ్మడికాయలోని కొవ్వొత్తి. వేలాడే అంచులు, కుచ్చులు, దూదిలా నూగు ఉన్న బట్టలు చాలా త్వరగా అంటుకుంటాయి. గట్టిగా చుట్టిన తాడుకంటే విడదీసిన దూది ఎందుకు భగ్గుమంటుంది? ప్రతి పోగు చుట్టూ గాలి, అంటే ఆక్సిజను, ఉంటుంది కనుక. అమెరికాలో 1940 దశాబ్దంలో నూగు రేయాన్‌తో చేసిన స్వెట్టర్లు, పిల్లల ఆటవేషాలు నిప్పంటుకుని చాలా మంది కాలిపోయారు. దాని ఫలితంగానే 1953లో త్వరగా మండే బట్టలను అరికట్టే చట్టం వచ్చింది. మరొక సంగతి: వేడిగాలి పైకి పోతుంది. కనుక పావడా అంచుకు అంటిన మంట క్షణాల్లో ముఖం వైపు ఎగబాకుతుంది.

బట్టలకు నిప్పంటుకుంటే పరుగెత్తకూడదు. పరుగెత్తితే మంటకు మరింత గాలి అందుతుంది. ఆగాలి, నేలపై పడుకోవాలి, ముఖాన్ని చేతులతో కప్పుకుని దొర్లాలి. పడుకుంటే మంట ముఖానికి ఎగబాకదు, దొర్లితే మంటకు గాలి అందదు. తరువాత కాలిన చోట 20 నిమిషాలు చల్లని నీటిధార పోయాలి. సిరా, వెన్న, టూత్‌పేస్టు వంటివి పూయరాదు. ఐసు ముక్కా పెట్టరాదు. దీపావళినాడు మన ఇళ్ళలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఈ భయంవల్లనే అమెరికాలో చాలామంది గుమ్మడికాయలో కొవ్వొత్తికి బదులు బ్యాటరీతో వెలిగే ఎల్.ఇ.డి. దీపం పెడుతున్నారు.

సంచినిండా చాక్లెట్లు

ఇంటికి క్షేమంగా చేరాము. సంచి నిండింది. ఇప్పుడు పళ్ళ సంగతి చూద్దాం. మన నోట్లో స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్ అనే బాక్టీరియా కాపురముంటుంది. మనం తిన్న పంచదారే దాని ఆహారం. అది తిని ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. నోటి పి.హెచ్. విలువ మామూలుగా 7కు దగ్గరగా ఉంటుంది. చాక్లెట్టు తిన్న కొద్ది నిమిషాలలోనే పంటిపై అది 5.5 కంటే దిగిపోతుంది. అప్పుడు పంటి పింగాణి పొరలోని కాల్షియం లవణాలు కరగసాగుతాయి. లాలాజలం ఆ ఆమ్లాన్ని తటస్థం చేసి, మళ్ళీ మామూలు స్థితికి తేవడానికి అరగంటో, అంతకు మించో పడుతుంది.

కనుక ఎన్ని తిన్నామన్నదే కాదు, ఎన్నిసార్లు తిన్నామన్నది కూడా ముఖ్యమే. అయిదు చాక్లెట్లను గంటకొకటి చొప్పున తింటే పంటిపై అయిదుసార్లు ఆమ్లదాడి జరుగుతుంది. భోజనం వెంటనే ఒకేసారి రెండు తిని, నోరు పుక్కిలిస్తే దాడి ఒక్కటే. పంటికి అంటుకునే మిఠాయి చప్పరించి కరిగిపోయేదానికంటే చెడ్డది. రాత్రి పళ్ళు తోముకోకుండా పడుకోవడం మరీ చెడ్డది. నిద్రలో లాలాజలం తక్కువగా ఊరుతుంది కదా!

కొందరు పిల్లలకు వేరుసెనగ వంటివి పడవు. వారి శరీర రక్షణ వ్యవస్థ ఆ ఆహారాన్ని శత్రువుగా భ్రమించి తిరగబడుతుంది. దద్దుర్లు, వాపు, తీవ్రమైతే ఊపిరాడకపోవడం జరుగుతాయి. అటువంటివారు పొట్లం మీది వివరాలు చదవకుండా దేన్నీ నోట పెట్టుకోరాదు. 2014 నుండి అమెరికాలో కొన్ని ఇళ్ళవారు గుమ్మం ముందు నీలి ఆకుపచ్చ రంగు వేసిన గుమ్మడికాయ పెడుతున్నారు. "మా ఇంట్లో తినుబండారం కాని బహుమతులు కూడా ఉన్నాయి" అని దాని సంకేతం. పెన్సిలో, బొమ్మో, రంగు కాగితమో పుచ్చుకుని ఆ పిల్లలు కూడా అందరితో సమానంగా సంతోషిస్తారు. ఎంత మంచి ఆలోచన!

నాలుగేళ్ళలోపు తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు గుండ్రని గట్టి బిళ్ళలు, పప్పుగింజలు ఇవ్వకూడదు. వారి గొంతు సన్నం. నమలడం సరిగా రాదు. బిళ్ళ జారి శ్వాసనాళానికి అడ్డుపడితే ప్రాణానికే ముప్పు.

గుర్తుంచుకోవలసినవి

1. దుస్తులకు, సంచికి వెలుగు పట్టీలు అతికించాలి. చేతిలో టార్చి ఉండాలి.
2. చిన్నపిల్లల వెంట పెద్దవారు ఉండాలి.
3. ఆగివున్న కార్ల మధ్యనుండి రోడ్డుమీదికి రాకూడదు. దాటవలసిన చోటనే, రెండు వైపులా చూసి దాటాలి.
4. కాలిబాట లేకపోతే వాహనాలకు ఎదురుగా నడవాలి.
5. వేషం కాళ్ళకు అడ్డం పడకూడదు, చూపుకూ అడ్డం రాకూడదు.
6. మిఠాయిలు ఇంటికి తెచ్చి, వెలుతురులో చూసి, పెద్దలకు చూపించాకే తినాలి.

పండుగ మానుకొమ్మని సైన్సు ఎప్పుడూ చెప్పదు. లేని దయ్యానికి భయపడటం మాని, ఉన్న ప్రమాదాన్ని లెక్కగట్టి తప్పించుకొమ్మని చెబుతుంది. అది అమెరికా వీధి కానీండి, చీకటిలో మీరు ట్యూషన్‌నుండి ఇంటికి నడిచి వచ్చే మన ఊరి రోడ్డు కానీండి, కాంతి సూత్రాలు, జడత్వ సూత్రాలు ఒక్కటే.

ఆలోచించండి

1. కారు వేగం గంటకు 30 కిలోమీటర్లయితే పైన చెప్పిన పద్ధతిలో ఆగే దూరం ఎంత? వేగం తగ్గిన నిష్పత్తిలోనే దూరం తగ్గిందా?
2. అమెరికాలో వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. అక్కడ కాలిబాట లేని రోడ్డుపై పాదచారి ఏ వైపున నడవాలి? మన దేశంలో ఏ వైపున?
3. పరిశోధకులు హాలోవీన్ సాయంత్రాలను జూలై నెల సాయంత్రాలతో ఎందుకు పోల్చలేదు?